జావా పాఠం, ప్రేమ విందు కూర

జావా చెప్పమని నన్ను వేసిననాటికి నాకు మౌస్ పట్టుకోవడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతా సంగతులు మీరు కాస్త తేలిగ్గా తీసుకుంటారు. కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు, "మీ రోజుల్లో ఎలా చెప్పేవారండీ మేడమ్?" అని. నా రోజులంటే మరీ రాతియుగమేం కాదు, రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన ముచ్చటే. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ కమిటీలో కూర్చున్నానో అవన్నీ వదిలేస్తున్నాను. అవి వినడం నాకే విసుగు.

కరస్పాండెంటు గారి ఆలోచన

నేను లెక్కల లెక్చరర్ని. ఏలూరులో పాసింజరు బండి ఎక్కి రోజూ తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. మా కరస్పాండెంటు గారికి రెండు రైసు మిల్లులుండేవి. కాలేజీ మూడోది. ఒకరోజు ఆయన నన్ను గదికి పిలిపించారు.

"శారదగారండీ, వచ్చే ఏడు కంప్యూటర్ గ్రూపు పెడుతున్నామండీ. జావా మీరే చెప్పాలి."

"నాకు రాదండీ."

"లెక్కలు వచ్చు కదండీ?"

"వచ్చండీ."

"మరింకేంటండీ?"

ముందు సీ అనే భాష చెప్పి, అది వంటబట్టాక జావా చెబుతారని అప్పటికే ఎక్కడో విన్నాను. ఆ మాటే అన్నాను. సిలబస్‌లో రెండూ ఉన్నాయి, ఏది ముందు చెప్పాలన్నది కాలేజీ ఇష్టం.

"ఆ ముందుది మధ్యలో ఎందుకండీ? ఉద్యోగాలన్నీ జావాకే అంటున్నారు. సరాసరి అదే చెప్పేద్దాం."

ధాన్యం మర పట్టకుండానే బియ్యం బస్తాలు ఎత్తేద్దామనే మిల్లు యజమానిని నేను అప్పుడే చూశాను. పైకి మాత్రం "అలాగేనండీ" అన్నాను. మా వైపు ఏ ఉద్యోగమైనా ఈ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదనిపిస్తోంది. కారణం తప్పు, మాట సరైనదే. సీ బాగా వచ్చినవాళ్ళు జావాలోకి వచ్చి కూడా సీ లాగానే రాస్తారు. మా పిల్లలకు ఆ ఇబ్బంది లేదు, వాళ్ళకు ఏదీ రాదు. వాళ్ళకూ నాకూ తేడా కూడా పెద్దగా లేదు.

అండీ అనని గొంతు

ఆ వేసవిలో పవర్‌పేటలో ఒక మేడ మీద నడిచే కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. చుట్టూ ఇంటర్ రాసి వచ్చిన పిల్లలు. చెప్పేవాడు శ్రీను. వాడు నా దగ్గరే చదువుకున్నాడు. త్రికోణమితి క్లాసులో కిటికీ పక్కన కూర్చుని బయట కాకుల్ని చూసేవాడు. ఇప్పుడు నేను కిటికీ పక్కన, వాడు బోర్డు దగ్గర.

పాపం, నన్ను తప్పు పట్టడం వాడి చేత అయ్యేది కాదు. నా తెరమీద ఎర్రగా ఏదో వచ్చినప్పుడల్లా చేతులు కట్టుకుని వెనకాల నిలబడేవాడు.

"తప్పని కాదండీ మేడమ్. మీరు రాసింది బానే ఉందండీ. మిషనుకే కాస్త అర్థం కాలేదండీ."

"ఎక్కడ అర్థం కాలేదు శ్రీనూ?"

"మొదట్నుంచీ అండీ."

మనం రాసింది చదివి తప్పులు చెప్పేదాన్ని కంపైలర్ అంటారు కదా. మా జిల్లా మొత్తంలో అండీ లేకుండా నాతో మాట్లాడింది అదొక్కటే. సెమికోలన్ ఒకటి మరిచిపోతే ఇరవై తప్పులు చదివేది. మొదటి వారం నాకు నిజంగా కోపం వచ్చింది. పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్న మనిషిని, నన్ను పట్టుకుని అంతంత మాటలంటుందా అని. రెండో వారానికి తెలిసింది, దానికి నా మీద ఏ కక్షా లేదని. అది అందరినీ అలాగే అంటుంది. పౌరుషం ఎక్కువున్నవాళ్ళకు ప్రోగ్రామింగ్ రాదు. ఇది ఏ పుస్తకంలోనూ రాయరు, మీరు మాత్రం మొదటి క్లాసులోనే చెప్పండి.

తర్వాత మేడమ్

జూలైలో మా ల్యాబు తెరిచారు. కరస్పాండెంటు గారు కొబ్బరికాయ కొట్టి, మానిటర్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టించారు. చెప్పులు బయట విప్పాలి. కాలేజీ మొత్తానికి ఏసీ ఆ గదిలోనే ఉండడంతో ఎండాకాలంలో ఆయన చుట్టాలు కూడా చెప్పులు విప్పి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు.

మొదటి ప్రోగ్రాం ఏముంది, తెరమీద నమస్కారం అని చూపించడమే. కానీ జావాలో ఆ నమస్కారం పెట్టడానికి ముందు గుమ్మంలో చాలామందిని దాటుకుని వెళ్ళాలి. క్లాస్, పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్. అన్నీ బోర్డు మీద రాశాను.

"పబ్లిక్ అంటే ఏంటండీ మేడమ్?"

"తర్వాత చెబుతానమ్మా."

"స్టాటిక్ అంటేనండీ?"

"అదీ తర్వాతే."

"వాయిడ్ అంటేనండీ?"

ఆ సాయంత్రానికల్లా నా పేరు తర్వాత మేడమ్ అయిపోయింది. నా ముందు ఎవరూ అనలేదు, మావాళ్ళకు అంత మర్యాద ఉంది. భీమడోలు స్టేషన్‌లో బండి ఆగినప్పుడు కిటికీ అవతల నుంచి వినబడింది.

మీకు కూడా ఈ పేరు వస్తుంది, సిద్ధంగా ఉండండి. అన్నీ మొదటిరోజే వివరించబోయిన లెక్చరర్లను చూశాను. పిల్లలు రెండోరోజు రారు. తర్వాత అనడంలో సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ తర్వాత ఎప్పటికీ రాకపోతేనే సిగ్గు.

కుక్క, కారు, చేప

జావాలో ఆబ్జెక్టంటే తన వివరాలూ తన పనులూ తన దగ్గరే ఉంచుకునే వస్తువు. అది చెప్పడానికి మా పుస్తకంలో రెండే ఉదాహరణలు. కుక్క మొరుగుతుంది, కారు పరుగెడుతుంది. కుక్క మొరుగుతుందని తెలియడానికి డిగ్రీలో చేరక్కర్లేదు. ఆ పుస్తకం పక్కన పెట్టి, "మీ చుట్టూ కనబడే ప్రతిదీ ఆబ్జెక్టే, మీకు తెలిసిన దాన్నే రాసుకు రండి" అన్నాను.

కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చే పెద్దిరాజు వాళ్ళ చేపల చెరువు రాశాడు. చాలా శ్రద్ధగా రాశాడు కూడా. ప్రోగ్రాం నడిపించగానే మిషను బిగుసుకుపోయింది. ఫ్యాను రొద పెట్టింది. వెనక బెంచీలో కునుకు తీస్తున్న కరస్పాండెంటు గారి బావమరిది లేచి కూర్చున్నాడు.

"ఎన్ని చేపల్ని పెట్టావయ్యా?"

"చెరువు నిండా అండీ."

"ఒక్కొక్క చేపా ఒక్కొక్క ఆబ్జెక్టా?"

"అవునండీ. దేని బరువు దానిదేనండీ."

"మీ ఇంట్లో చేపల్ని ఒక్కొక్కటిగా చూస్తారా?"

"లేదండీ. వల విసిరి కొన్ని పట్టి తూకం చూస్తారండీ. దాన్నిబట్టి మొత్తం చెరువు అంచనా వేసుకుంటారండీ."

"మరి ఇక్కడిలా ఎందుకు చేశావు?"

"ప్రతిదీ ఆబ్జెక్టేనని మీరే అన్నారు కదండీ."

అన్నాను మరి. ఆ రోజు నుంచి ప్రతిదీ అనే మాట మానేశాను. మన పనికి దేంతో మాట్లాడాలో అదే ఆబ్జెక్టు. చేపలు పెంచేవాడు చెరువుతో మాట్లాడతాడు, చేపతో కాదు. ఇంటికెళ్ళి చేప పులుసు పెట్టుకునే మనిషికి ఆ ఒక్క చేపే ముఖ్యం. రెండూ సరైనవే, ఎవరి ప్రోగ్రాం వాళ్ళది.

రూతు

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను.

రూతుది పెదపాడు దగ్గర ఒక ఊరు. వాళ్ళింట్లో నాన్నగారు, అమ్మ, పెద్దమ్మ, ఇద్దరు అత్తలు, అందరూ టీచర్లే. తాతల కాలంలో మిషన్ బడిలో మొదలైన ఉద్యోగం, అలా వస్తూనే ఉంది. ఏలూరులో తన చుట్టాలెవరూ పాఠం చెప్పని కాలేజీ దొరక్కే ఈ పిల్ల తాడేపల్లిగూడెం దాకా వచ్చిందని నా అనుమానం. నేనెక్కే బండే ఎక్కేది.

వాళ్ళ నాన్నగారు ప్రభుదాసు మాస్టారు హెడ్మాస్టరు. పరమ మర్యాదస్తులు. ఆయన ఇంట్లో ఎవరి మీదా గొంతు పెంచరట. "చూద్దామండీ" అంటే కుదరదని, "అలా అంటారా" అంటే అస్సలు కుదరదని అందరికీ తెలుసట. ఆయన రూతుకు ఒక్క ఏడాది గడువిచ్చారు. మొదటి ఏడు కంప్యూటర్ ప్రాక్టికల్ తప్పితే చదువు మార్చి టీచర్ ట్రైనింగ్‌లో చేర్పిస్తామన్నారు.

"టీచరంటే నీకెందుకమ్మా ఇష్టం లేదు? నేనూ టీచర్నే కదా" అన్నాను ఒకసారి బండిలో.

"ఇష్టం లేకపోవడం కాదండీ మేడమ్. మా ఇంట్లో అందరూ నాకు చెప్పేవాళ్ళేనండీ. నేను చెబితే వినేది ఈ మిషనొక్కటేనండీ."

అంత ఇష్టమున్న పిల్లకు మార్కులు మాత్రం వచ్చేవి కావు. ప్రోగ్రాం పనిచేయక కాదు, పనిచేసేది. కానీ పనంతా ప్రోగ్రాం మొదలయ్యే ఆ ఒక్క మెయిన్‌లోనే. ఏ రకం ఆబ్జెక్టు ఏ పని చేయాలో చెప్పే క్లాసులు రాయమంటే రాసేది, వాటికి పేర్లు పెట్టేది, ఒక్క పనీ అప్పగించేది కాదు. ప్రతి క్లాసు లోపలికీ మెయినే వెళ్ళి, అక్కడున్న విలువలు మెయినే మార్చి, మళ్ళీ మెయినే బయటికి వచ్చేది. మా పరీక్షకు బయటి కాలేజీ నుంచి పరీక్షకుడిగా వచ్చే ఎక్స్‌టర్నల్ గారు జావాలో అలా రాస్తే పేపరు పక్కన పెట్టేస్తారని పేరు.

"పనిచేస్తోంది కదండీ మేడమ్" అనేది.

"చేస్తోందమ్మా. కానీ అంతా నువ్వే చేస్తే ఆ క్లాసులెందుకు?"

"వాటికి చెప్పేకంటే నేనే చేసేస్తే తొందరగా అయిపోతుందండీ."

ఇంట్లో అందరికంటే చిన్నది. మంచినీళ్ళు, చాపలు, అత్తల కళ్ళజోళ్ళు, అన్నీ రూతే తేవాలి. పని చెప్పించుకోవడం తప్ప ఇంకొకరికి పని చెప్పడం ఆ పిల్ల జన్మలో ఎరగదు. ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు, వాళ్ళ ఊరు వెళితే తెలిసింది.

ప్రేమ విందు

వాళ్ళ చర్చి వార్షికోత్సవానికి రూతు నన్ను పిలిచింది. ఆరాధన అయ్యాక ఊరందరికీ భోజనాలు, దాన్ని వాళ్ళు ప్రేమ విందు అంటారు. చర్చి వెనకాల గాడిపొయ్యిలు తవ్వి, వాటి మీద గుండిగలు ఎక్కించారు. వీధికో వంటకం పంచుకున్నారు. అన్నం ఒక వీధిది, సాంబారు ఒక వీధిది, కోడికూర రూతు పెద్దమ్మ శాంతమ్మగారి వీధిది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఒక వీధి గుండిగ మూత ఇంకో వీధివాళ్ళు తీయరు. అక్కడ అది కట్టుబాటు, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

రూతు మాత్రం అన్ని పొయ్యిల దగ్గరా తనే ఉంది. ఇక్కడ పుల్ల ఎగదోసి, అక్కడ విస్తళ్ళు లెక్కపెట్టి, పిలవనివాళ్ళకు కూడా నీళ్ళు అందించి పరుగులు తీస్తోంది. శాంతమ్మగారు ప్రార్థనకని చర్చి లోపలికి వెళ్ళిన సమయంలో రూతుకు కూర గుండిగ పక్కన ఉప్పు పొట్లం విప్పకుండా కనబడిందట. పెద్దమ్మ మరిచిపోయిందనుకుని మూత తీసి ఉప్పు వేసి కలిపేసింది. శాంతమ్మగారు వేసింది వేరే పొట్లంలోది.

భోజనాలకు కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక పంక్తి మొత్తం ఒక్క క్షణం ఆగింది. తర్వాత మా గోదావరి జిల్లా మర్యాద మొదలైంది.

"కూర అమోఘంగా కుదిరిందండీ" అన్నారు పాస్టరుగారు. "కాస్త పెరుగేమైనా ఉందాండీ?"

"ఘాటు భలే ఉందండీ. మంచినీళ్ళు ఇటు రానివ్వండి."

"మాకు కూర చాలండీ. అన్నమే ఇంకాస్త వడ్డించండి. ఇంకాస్తండీ."

ఉప్పు అన్న మాట ఒక్కరి నోట రాలేదు. పెరుగు మాత్రం రెండో పంక్తికి మిగల్లేదు. చివరికి శాంతమ్మగారే రుచి చూసి విస్తరి ముందు అలా కూర్చుండిపోయారు.

"నేను వేశాను కదా. ఇంకెవరు వేశారమ్మా?"

"నేనండీ పెద్దమ్మా" అంది రూతు. "మీరు మరిచిపోయారనుకున్నానండీ."

"సాయం చేద్దామనుకున్నావు, తెలుసు. కానీ ఆ గుండిగ సంగతి చూడడానికి నేనున్నాను కదమ్మా" అన్నారావిడ. తిట్టలేదు. కూతురి వరసైన పిల్లకు తన విస్తర్లో సాంబారన్నం కలిపి పెట్టారు.

నేనప్పుడు ఏ పాఠమూ చెప్పలేదు. అలాంటి చోట పాఠం చెప్పే లెక్చరరంటే నాకే భయం. నాకూ దాహంగా ఉంది.

సోమవారం ల్యాబులో రూతు తన పాత ప్రోగ్రాం తెరిచి చాలాసేపు చూసింది. తర్వాత తుడిచేయడం మొదలుపెట్టింది. మెయిన్‌లో ఉన్న ఒక్కొక్క పనినీ తీసి, ఆ పని ఏ క్లాసుదో దానికి అప్పగించింది. క్లాసుల లోపలి విలువలన్నిటి ముందూ ప్రైవేట్ అని రాసింది. అంటే వాటిని ఆ క్లాసు తప్ప బయటివాళ్ళెవరూ ముట్టుకోలేరు.

వైవా

ప్రాక్టికల్ రోజున ఎక్స్‌టర్నల్ గారు భీమవరం వైపు నుంచి వచ్చారు. నవ్వని మనిషి. కాఫీ కూడా ఏదో తప్పు పట్టుకోవడానికే తాగుతున్నట్టు తాగారు. రూతుకు లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రాం వచ్చింది. క్లాసులు చక్కగా విడదీసింది. అలవాటు లేని పద్ధతి కావడంతో టైము చాలక చివరి భాగం మిగిలిపోయింది. ఆయన తెరమీద ఉన్నదంతా పైనుంచి కిందిదాకా చదివారు.

"ఇవన్నీ ప్రైవేట్ ఎందుకు పెట్టావమ్మా?"

"లేకపోతే ఇద్దరు ఉప్పేస్తారండీ."

ఆయన నా వైపు చూశారు. నేను ఏసీ వైపు చూశాను.

"అంటే?"

రూతు మొత్తం చెప్పింది. గాడిపొయ్యి, పొట్లం, పాస్టరుగారి పెరుగు, ఏదీ వదల్లేదు. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"కోడికూరా, మాంసమా?"

"కోడికూరేనండీ."

"అయ్యో" అన్నారాయన, నిజంగా బాధపడుతూ.

మార్కులు మాత్రం ప్రోగ్రాం ఎంత అయిందో అంతకే వేశారు. రూతు గట్టున పడింది, కానీ అంచుమీద. ఆయన చేసింది న్యాయమేనని నేనిప్పటికీ అంటాను. వైవాలో బాగా మాట్లాడిన పిల్లకు మార్కులు పోసేసే పరీక్షకుడు ఆ పిల్లకు మేలు చేసినట్టు కాదు.

మాస్టారు వచ్చిన రోజు

ఫలితాలు వచ్చిన వారంలో ప్రభుదాసు మాస్టారు కాలేజీకి వచ్చారు. స్టాఫ్ రూములో కుర్చీ చూపిస్తే "పర్వాలేదండీ" అని నిలబడే ఉన్నారు. రూతు ఆయన పక్కన సంచీ పట్టుకుని నిలబడింది.

"పాసయిందండీ. సంతోషం. మీ దయ."

"నా దయేం లేదండీ. కష్టపడింది."

"అదేనండీ నేననేది. అంత కష్టపడినా అంచు మార్కులే వచ్చాయి కదండీ. ఈ చదువు అమ్మాయికి బరువేమోనని ఇంట్లో అనుకుంటున్నామండీ. మానేస్తానని చెప్పడానికి మొహమాటపడుతోందేమో. ట్రైనింగ్ కాలేజీలో ఒక మాట చెప్పి ఉంచాను. మీరు తెలిసినవారు, ఏమంటారండీ?"

పాసైతే గండం గడిచినట్టేననుకున్నాను నేను. ఆయన కోపంగా అడిగితే వాదించవచ్చు. అంత ప్రేమగా అడిగే మనిషితో ఏం వాదిస్తాం. అయినా ఈ పిల్ల కోసం మాట్లాడాల్సిందేనని, మనసులో వాక్యాలు పేర్చుకుని నోరు తెరిచాను.

"నాన్నగారండీ" అంది రూతు.

ఆయన నా జవాబు కోసమే చూస్తున్నారు.

"నాన్నగారండీ, నా గురించి మేడమ్‌ని ఎందుకండీ అడుగుతారు? నేను ఇక్కడే ఉన్నాను కదండీ. నన్ను అడగండి."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి. సొంత కూతుర్ని ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. కళ్ళజోడు పెట్టుకుని రూతు వైపు తిరిగారు.

"ఏం చదువుతావమ్మా?"

"ఇదేనండీ."

"కష్టంగా లేదా?"

"ఉందండీ."

"మరి?"

"అయినా ఇదేనండీ."

పేర్చుకున్న వాక్యాలు ఒక్కటీ అక్కర్లేకపోయింది. లెక్చరరుగా నాకు దక్కిన పెద్ద సంతోషం అదే, ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండడం.

మాస్టారు తలూపారు. "మరి ట్రైనింగ్ కాలేజీ వాళ్ళకు ఎవరు చెబుతారమ్మా?" అన్నారు.

మామూలుగా అయితే ఆ పని కూడా తనే భుజాన వేసుకునే పిల్ల. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అది మీరు చూడండి నాన్నగారండీ."

ఆయన "అలాగేనమ్మా" అని బయలుదేరారు.